నాయనమ్మ బతికుండగా వేయించుకున్న రాయి

నా చిన్నప్పుడు ఒక చలికాలం మా నాయనమ్మ వాగులో రాళ్ళ మీద కూర్చుని చూడడం మొదలుపెట్టింది. అరకు కొండల్లో మా ఊరు. వలిసెల కోత అయిపోయింది గానీ ఇంట్లో పనికి కొదవ లేదు. అయినా పొద్దున్నే నన్ను వెంటేసుకుని వాగుకి దిగేది. ఒక రాయి మీద కూర్చునేది, నడుం అటూ ఇటూ కదిపేది, పెదవి విరిచి లేచేది. మళ్ళీ ఇంకోదాని మీద కూర్చునేది. చోళ్ళు విసరడానికి తిరగలి రాయి వెతుకుతోందేమో అనుకున్నాను. తిరగలి రాయిని కూర్చుని చూడడమేమిటన్న అనుమానం వచ్చింది గానీ, ఆవిడని అడిగితే జవాబుకి బదులు మొట్టికాయ దొరికేది. చివరికి బల్లపరుపుగా, నల్లగా ఉన్న ఒక రాయి నచ్చింది. దాని మీద కూర్చుని, కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని చాలాసేపు లేవలేదు.

ఆ రాయి దేనికో పక్కింటి అక్క చెప్పింది. మా ఊళ్ళో మనిషి పోతే కొడుకులు ఒక రాయి మోసుకొచ్చి ఊరి నడుమ, పాత రాళ్ళ పక్కన వేస్తారు. ఊరందరికీ అన్నం పెడతారు, రాయి మీద జీలుగు కల్లు పోస్తారు. అప్పుడు గానీ పోయిన మనిషికి చోటు దొరకదు. రాయి పడనివాళ్ళు ఆకలితో తోవల వెంట తిరుగుతుంటారని పెద్దవాళ్ళు అనేవారు. మేం పిల్లలం ఆ రాళ్ళ మీదే ఆడుకునేవాళ్ళం. ఏ రాయి ఏ తాతదో మాకు తెలుసు.

"మీ నానమ్మ తన రాయి తనే సూసుకుంటంది" అంది అక్క, చింతపండు పిక్క తీస్తూ, తలెత్తకుండా.

అంటే నాయనమ్మ చచ్చిపోతోందా? మరి పొద్దున అంబలి రెండోసారి పోయించుకుని తాగిందే. చచ్చిపోయే మనిషి కోడిని ఎప్పుడు పొదగేయాలన్న దాని మీద మా అమ్మతో అంత తగువు పెట్టుకుంటుందా? ఎంత ఆలోచించినా ఆ రెండూ నా బుర్రలో కలవలేదు.

ఇంట్లో అసలు చిక్కు వేరే ఉంది. మా నాన్న అప్పటికే చర్చికి వెళ్తున్నాడు. నేను పుట్టకముందు తనకి పెద్ద జబ్బు చేస్తే పాస్టరుగారి ప్రార్థనతో లేచానని ఆయన నమ్మకం. పోయినవాళ్ళకి రాళ్ళు వేయనని, కల్లు పోయనని అక్కడ మాటిచ్చాడు. నాయనమ్మకి ఆయన ఒక్కడే కొడుకు. రేపు ఆవిడ పోతే ఆయన రాయి మోయలేడు. కొడుకుండగా ఇంకొకరు మోయకూడదు. మోస్తే చర్చివాళ్ళు ఊరుకోరు, మోయకపోతే ఊరు ఊరుకోదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. తల్లి మొహం చూడలేక ఆయన కొండ మీది చేనులోనే పొద్దు గడిపేవాడు.

బతికున్న మనిషికి రాయేమిటని ఊరిపెద్ద అడ్డు చెప్పాడు. ఎక్కడా లేదన్నాడు.

"కూడదని మాత్రం ఎవలు సెప్పారు?" అంది నాయనమ్మ.

ఆయన తల గోక్కున్నాడు. కూడదని నిజంగానే ఎవరూ చెప్పలేదు, అంతకుముందు ఎవరూ అడగలేదు కాబట్టి.

తర్వాత ఒక పొద్దున, చేనుకి బయల్దేరిన మా నాన్నని గుమ్మంలో ఆపింది. "ఒరే, నేల మీద కూకుంటే నడుం పట్టేత్తంది. వాగుకాడ రాయొకటి సూసుంచాను. మోసుకొచ్చి ఊరి నడుమ ఎయ్యి."

"అది ఏ రాయో నాకు తెలీదేటమ్మా?"

"ఏ రాయైతే నీకేటి? ముసల్ది కూకోడానికి అడిగింది. బతికున్న తల్లికి పీటెయ్యొద్దని మీ పాస్టరు సెప్పాడేటి?"

నాన్న పార గోడకి ఆనించి, వాసాలూ తాళ్ళూ తేవడానికి వెళ్ళాడు.

రాయిని వాసాలకి కట్టి మగవాళ్ళు భుజాలకెత్తారు. ముందు వరసలో మా నాన్న. నాయనమ్మ ఆయన పక్కనే నడిచింది, కాలు సూసుకో, మెల్లిగా అని గొణుగుతూ, ఆయన మొహం మీది చెమట కొంగుతో తుడుస్తూ. వెనక నేను ఏడుస్తూ నడిచాను. అందరూ నవ్వుతున్నారు కదా, మనమూ నవ్వాలేమో అనిపించేది. నవ్వబోతే భయం వేసేది. ఆ రోజు ఊరంతటికీ నాయనమ్మే సామ అన్నం వండి, తన చేత్తో వడ్డించింది. తన రాయి మీద కల్లు కూడా తనే పోసుకుంది. సరిగ్గా ఆ వేళకి మా నాన్నకి వాగు దగ్గర గిన్నెలు తోమే పని తగిలింది.

మర్నాడు పొద్దున నేను ఆకుదొన్నెలో అంబలి పట్టుకెళ్ళి ఆ రాయి మీద పెట్టాను. పండగలప్పుడు పెద్దల రాళ్ళకి అలాగే పెడతాం. రాయి పడింది కాబట్టి నాయనమ్మకి ఇక అక్కడే పెట్టాలనుకున్నాను. ఇంతలో ఆవిడే కర్ర పట్టుకుని వచ్చింది.

"ఏటి సేత్తన్నావు, గుంటా?"

నీకే పెట్టానన్నాను. నన్ను చూసింది, రాయిని చూసింది. కూర్చుని దొన్నె ఎత్తి అంతా తాగేసింది.

"ఉప్పు సాల్లేదు" అంది. "సచ్చాక పెట్టుంటే ఈ మాట నీకెవలు సెప్తారు?"

ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది. ఆ రాయి మీదే మిరపకాయలు ఎండబెట్టింది, నాకు పేలు చూసింది. నా పెళ్ళయ్యాక పోయింది. వొంటిని నీకు నచ్చిన కాడ పెట్టుకోమని నాన్నకి ముందే చెప్పింది. ఆయన చర్చి దొడ్లో పాతిపెట్టి సిలువ వేశాడు. ఊరు ఒక్క మాట అనలేదు. రాయి పడింది, కొడుకే మోశాడు, అన్నం అందరూ తిన్నారు. చర్చివాళ్ళూ ఏమీ అనలేదు. మరి ఆవిడ ఇప్పుడు ఎక్కడుంది? సిలువ కిందా, రాయి దగ్గరా? ఇంత వయసొచ్చినా నాకు తేలలేదు. ఊరెళ్తే రెండు చోట్లా ఆగుతాను, రెండు చోట్లా మనసు ఇంకో చోటికే పోతుంది.

మా నాన్న ముసలితనంలో ఒకసారి ఈ సంగతి నేనే కదిపాను. "అందరూ తల్లి పోయాక మోత్తారమ్మా" అన్నాడు. "నాను మోత్తంటే మా యమ్మ నా పక్కనే నడిసింది."

ఇప్పుడు నా వంతు దగ్గరపడుతోంది. నా చివరి ఏర్పాట్ల మాట ఎత్తితే మా అబ్బాయి చిరాకుపడి లేచిపోతున్నాడు. నేను మాత్రం వదలడం లేదు. వాడు నాకోసం మోయవలసినదేదో, నేను పక్కన నడవగలిగినప్పుడే వాడిచేత మోయించుకోవాలి.