ఇప్పచెట్టు మీది తీగ

మనుషుల్ని తొందరగా నమ్మే అలవాటు నాకు లేదు. ఎరువు బస్తా కొన్నా కుట్టు విప్పి, చేత్తో పట్టి చూశాకే ఆటో ఎక్కిస్తాను. అలాంటి నాకు, చేను గట్టున ఉన్న మా ఇప్పచెట్టు మీద ఒక పొద్దున కొత్త తీగ కనపడితే ఊరుకుంటానా?

అది అడవి పందుల కోసం వాడే బైండింగ్ వైరు. కిందటేడు ఎవడో అలాంటి తీగకే కరెంటు పెట్టి అడవి అంచున వదిలేస్తే, నా పాడిగేదె తగిలి చచ్చిపోయింది. ఇంట్లో మనిషి పోయినట్టు ఏడ్చాను. ఎవడు పెట్టాడో ఇప్పటికీ తేలలేదు. ఈ తీగ వెంట చూపు పోనిస్తే, అది పక్క తండాలో కోటేష్ ఇంటి కిటికీలోకి దూరింది.

కోటేష్‌కు ముప్పై నాలుగేళ్లు. ములకలపల్లిలో మోటార్లకు వైండింగ్ చేస్తాడు. నా బోరు మోటారు రెండుసార్లు కాలిపోతే అతనే బాగు చేశాడు, అది కాదనను. రెండేళ్లుగా అతనికి రేడియోల పిచ్చి పట్టింది. ఫోన్లో వీడియోలు చూసి, రాగి పూత వేసిన బోర్డు మీద గీతల అచ్చు కాగితం పెట్టి, ఇస్త్రీపెట్టెతో ఒత్తి, ఏదో మందు నీళ్లలో ముంచుతాడు. అక్కర్లేని రాగి కరిగిపోయి గీతలే మిగులుతాయట. మొదటిసారి అచ్చును అద్దంలో కనపడేట్టు తిప్పి తీయడం మరిచిపోయాడు. బోర్డంతా కుడి ఎడమైంది. పారెయ్యడానికి మనసొప్పక, చిప్పును బోర్లించి, కాళ్లు వెనక్కి వంచి అతికించాడు. ఆ మందు మరకలు వేళ్లకు పడితే ఒక పట్టాన పోవు. ఆ వేళ్లు చూసి, చేపలకు విషం పెడుతున్నాడేమోనని కొన్నాళ్లు వాగు మీద కూడా కన్నేసి ఉంచాను.

ఒకసారి ఉండబట్టలేక ఇంటికే వెళ్లి అడిగాను.

“ఏంది కోటేషూ ఈ యవ్వారం?”

“రేడియో బాబాయ్. నేనే చేసిన, చూడు.”

పాత మోటారు తీగను పైపు ముక్క మీద చుట్లు లెక్కపెట్టి చుట్టాడు. మొదట్లో చెయ్యి దగ్గరికి తెస్తే చాలు, స్టేషన్ జారిపోయేదట. అందుకని మొత్తం బిస్కెట్ల రేకు డబ్బాలో బిగించాడు.

“రేడియోల మాట్లాడేతందుకు సర్కారు పెట్టే పరీక్ష పాసైన బాబాయ్. పోలీసు ఎంక్వయిరీ అయితే లైసెన్సు వస్తది. గప్పుడు నేను గూడ మాట్లాడొచ్చు. అప్పటిదాక వినుడే. నడుమ ఒక్క కేసు పడ్డదంటే ఇగ అంతే.”

“మాట్లాడేది ఎవరితోని?”

“ఎవరు పలికితే వాళ్లతోని.”

అవతల చర్ల వైపు నక్సలైట్ల కోసం అడుగడుగునా పోలీసు క్యాంపులు. ఇక్కడ కూర్చుని ఎవరు పలికితే వాళ్లతో మాట్లాడతానంటే అనుమానం రాదా? నాకైతే వచ్చింది.

అందుకే తీగ కనపడగానే కోటేష్‌ను అడగలేదు. ఫారెస్టు బీట్ ఆఫీసర్ అనిల్‌కుమార్‌కు ఫోన్ చేసి, పందుల తీగ పెట్టారని చెప్పాను. నా పేరు బయట పెట్టొద్దని కూడా చెప్పాను.

గంటలో ఆఫీసర్ వచ్చాడు. తండా అంతా పోగైంది. కోటేష్ ఉరికొచ్చి తీగను రెండు చేతులా పట్టుకున్నాడు.

“కరెంటు లేదు సార్, చూడుండ్రి!”

నా నోరు ఊరుకుంటేగా. “లోపల స్విచ్ ఆపి వచ్చిండేమో, చూడండి సార్” అన్నాను.

ఆఫీసర్ లోపలికి వెళ్లాడు. వెనకే నేనూ వెళ్లాను. తీగ ఆ రేడియో ఉన్న రేకు డబ్బాలోకి పోయింది, ఏరియల్ అన్నమాట. డబ్బాకు చిన్న బ్యాటరీ ఉంది. మీటరు బోర్డు నుంచి ఒక్క తీగ కూడా అటు రాలేదు. బల్ల కింద కూడా వంగి చూశాను. ఏమీ లేదు. అప్పుడు నాకు నిజంగా సిగ్గేసింది.

“కరెంటు లేదు, సరే. కానీ కంప్లైంట్ వచ్చినంక నేను ఊకె పోలేను” అన్నాడు ఆఫీసర్, బయటికి వచ్చి. “చెట్టు ఎవరిది? కట్టుకొమ్మని వాళ్లు చెప్పిండ్రా?”

కోటేష్ మొహం పాలిపోయింది. “బాబాయ్‌ది సార్. ఆ దినం ఊళ్లె లేడు. వచ్చినంక చెప్దామనుకున్న. కేసు రాయకుండ్రి సార్, లైసెన్సు పోతది.”

ఆఫీసర్ అప్పటికే కాగితం తీశాడు.

“నేనే కట్టుకొమ్మన్న సార్” అన్నాను.

అతను తలెత్తి నన్ను తేరిపార చూశాడు. “మీరే కట్టుకొమ్మంటే, పొద్దున ఫోన్ చేసి పందుల తీగ అన్నదెవరు వెంకటనారాయణ గారూ?”

తండా మొత్తం నా వైపు తిరిగింది. నీళ్లు నమిలితే కేసు ఆగదు.

“నేనే. అనుమానపడి చేసిన. తప్పు నాది. అదే రాసుకోండి, సంతకం పెడ్త.”

సంతకం పెట్టాను. కేసు లేకుండా ఆఫీసర్ వెళ్లిపోయాడు. కోటేష్ లోపలికి వెళ్లి తలుపేసుకున్నాడు. తిట్టినా బాగుండేది.

మర్నాడు చూస్తే, చెట్టెక్కి తీగ విప్పుతున్నాడు.

“ఉండనీ కోటేషూ. నేను వద్దన్ననా?”

“వద్దు సార్. మీ చెట్టుకు నా తీగ ఉంటే నాకు నిద్ర పట్టది.”

మూడు నెలలకు లైసెన్సు వచ్చింది. ఇంటి ముందు వెదురు గడ పాతి, తీగ దానికే కట్టుకున్నాడు. సాయంత్రాలు ఎవరెవరితోనో నవ్వుతూ మాట్లాడుతుంటాడు. నేను గట్టు మీద కనపడితే మాత్రం గొంతు తగ్గించేస్తాడు.