ముందు నీకు చూసుకో

ఆర్వో హకాల ఎవరినీ నమ్మడు. ఉత్తర మిన్నెసోటాలో, ఇనప గనుల పక్కనున్న టామరాక్ ఊళ్లో ఆ సంగతి పసిపిల్లలకు కూడా తెలుసు. మంచు పడుతుందని రేడియోలో చెబితే పార తీసి గుమ్మంలో పెట్టుకుంటాడు. పడదని చెప్పినా పెట్టుకుంటాడు, వీళ్లు ఏం దాస్తున్నారో అని.

ఒకసారి డాక్టర్ పెట్రిచ్ ఆయన్ని రోజూ అరగంట నడవమన్నాడు. ఆర్వో తలూపి వచ్చేసి, మర్నాటి నుంచి డాక్టరుగారి ఇంటికి ఎదురుగా బల్ల మీద కూర్చున్నాడు. మూడు రోజులు చూశాడు. నాలుగోనాడు ఆసుపత్రికి వెళ్లి, "రెండు వీధులు దాటడానికి కారెక్కుతున్నారు. నడకలో అంత సుఖముంటే అంతా నాకే ఎందుకు పంచిపెడుతున్నారు?" అని అడిగాడు. ఆ దెబ్బతో డాక్టరు నడక మొదలుపెట్టాడు. వేసవికల్లా నడుం రెండంగుళాలు తగ్గింది. ఆర్వో మాత్రం డాక్టరు బెల్టు మార్చాడేమోనని అనుమానించాడు.

అలాంటి మనిషి ఇంటికి మార్లిస్ అనే నర్సు వచ్చింది. గని కుటుంబాల ఆరోగ్యం మీద విశ్వవిద్యాలయం వాళ్లు పరిశోధన మొదలుపెట్టారు. మనిషి ఏం తింటాడు, ఎంత నిద్రపోతాడు, ఎవరితో మాట్లాడతాడు, వాటిని బట్టి గుండె ఎలా ఉంటుంది అన్నది వాళ్లకు కావాలి. ఇంటింటికీ తిరిగి రక్తపోటు చూసి, ప్రశ్నలడగడం మార్లిస్ పని.

మొదటిరోజే, చెయ్యి చాపమంటే ఆర్వో చేతులు కట్టుకున్నాడు.

"ముందు నీకు చూసుకో అమ్మాయ్. మిషను నీతో అబద్ధమాడితే నాతోనూ ఆడుతుంది."

అప్పటినుంచి అదే ఆచారమైంది. బరువు చూడాలంటే ముందు ఆమె ఎక్కాలి. నిద్ర సంగతి అడిగితే ముందు ఆమె చెప్పాలి. ఐదు గంటలే పడుకున్నానని ఓసారి అంటే, మీ విశ్వవిద్యాలయం వాళ్లు ముందు నిన్నే పరిశోధించాలన్నాడు. ఊళ్లో హెల్మి నడిపే రొట్టెల కొట్లో కొన్న యాలకుల రొట్టె కోసి ఆమె ముందు పెట్టేవాడు. నలభై ఏళ్లుగా కొంటున్న రొట్టే అయినా, ఈసారి పిండిలో ఏం కలిపిందో, నువ్వు తిని చెప్పు అనేవాడు. ఒక ముక్కతో తేలదని రెండోది కూడా తినిపించేవాడు.

జనవరిలో కాగితం మీద కొత్త ప్రశ్న వచ్చింది. జబ్బు చేస్తే, పిలవగానే వచ్చేవాళ్లు మీకు ఎంతమంది ఉన్నారు?

"ముందు నువ్వు చెప్పు," అన్నాడు ఆర్వో.

మార్లిస్ డులూత్ నగరం నుంచి ఈ ఊరొచ్చి ఏడు నెలలైంది. మంగలి షాపు మీద గదిలో ఒంటరిగా ఉంటోంది.

"ఇక్కడైతే ఎవరూ లేరనుకోండి," అంది నవ్వుతూ.

ఆర్వో నవ్వలేదు. ఆమె వంక అనుమానంగా చూసి, తన జవాబు చెప్పకుండానే, పనుంది వెళ్లమన్నాడు. ఇన్నాళ్లయినా ఈయన నన్ను నమ్మలేదు కదా అని ఆమె నొచ్చుకుంది.

ఫిబ్రవరిలో ఆమెకు న్యుమోనియా పట్టుకుంది. ఆ గురువారం పదింటికి ఆర్వో ఇంటికి వెళ్లాలి. మంచం మీంచి లేవలేకపోయింది. ఫోను అందుకునే ఓపిక కూడా లేదు. కాసేపటికి ఎవరో తలుపు తట్టారు. ఎలాగో లేచి, గోడ పట్టుకుని వెళ్లి తీస్తే, సూపు గిన్నెతో హెల్మి. ఆమె వెనకే డాక్టర్ పెట్రిచ్, నడిచొచ్చి రొప్పుతూ. కింది మంగలి హీటరు మోసుకొచ్చాడు. అందరి వెనకా ఆర్వో.

మీకెలా తెలిసిందని ఆమె అడిగింది.

"నెల్లాళ్లుగా ఈ ఆర్వో ఇల్లిల్లూ తిరుగుతున్నాడు," అన్నాడు డాక్టరు. "ఆ నర్సు పిల్లకి జబ్బు చేస్తే వెళ్తారా అని అడగడం, వెళ్తామంటే నమ్మకపోవడం. నన్ను ఇక్కడిదాకా రెండుసార్లు నడిపించి గడియారం చూసుకున్నాడు."

"నువ్వు పనికెళ్లినప్పుడు నాచేత ఈ మెట్లెక్కించాడు, చేతిలో నిండు గిన్నె పెట్టి," అంది హెల్మి. "ఒలికిందని మళ్లీ ఎక్కించాడు."

"నోటిమాటకేం, ఎవరైనా చెబుతారు," అని గొణిగాడు ఆర్వో. "పదింటికి రావలసిన పిల్ల పదీ పదికి కూడా రాలేదు. అప్పుడే అనుమానించాను."

మందు పడ్డాక సాయంత్రానికి జ్వరం దిగింది. ఇక భయం లేదు, వెళ్దాం పదమన్నాడు డాక్టరు. ఆర్వో కుర్చీ మంచం పక్కకు లాక్కుని కూర్చున్నాడు. జ్వరం నిజంగా దిగిందో, దిగినట్టు నటిస్తోందో తేలేదాకా కదలనన్నాడు.

మార్లిస్‌కు నవ్వొచ్చింది. నవ్వుతోపాటు దగ్గూ వచ్చింది. అది విని ఆర్వో, చూశారా అన్నట్టు డాక్టరు వైపు తిరిగాడు.