తోక మూడుసార్లు చెరిపిన విమానం

బాబాయి పోయేరు.

ఈ సంచిక విప్పగానే మీకు అనుమానం వచ్చే ఉంటుంది. ఇన్నాళ్ళూ స్కేలు కట్టి నిలబెట్టినట్టుండే అక్షరాలు ఈసారి సారా దుకాణం నుంచి ఇంటికి నడుస్తున్నట్టు ఊగుతున్నాయి. రాసే చెయ్యి మారింది, అందుకు. పోయిన గురువారం సాయంత్రం పిన్ని టీ ఇస్తే, "కొంచెం చల్లారనీ" అని గ్లాసు కిటికీలో పెట్టి కళ్ళు మూసుకున్నారట. పిన్ని గోడ అవతల నుంచి నన్ను కేకేసి, "ఒరే, మీ బాబాయి టీ తాగడం లేదురా" అంది. అంతే అంది. నేను గోడ దూకి వెళ్ళేసరికి టీ మీద మీగడ కట్టింది.

పత్రికని కొత్తగా చూస్తున్నవాళ్ళు ఉంటే వాళ్ళకి రెండు ముక్కలు. 'ఎగరనివి' అనే ఈ చేతిరాత పత్రికలో ఎవరో ఎక్కడో గీసి, లెక్కలు కట్టి, తీరా కట్టకుండా వదిలేసిన విమానాల కథలూ, అంతరిక్ష నౌకల కథలూ ఉంటాయి. దీన్ని రాసేది, బొమ్మలు గీసేది, సైక్లోస్టైల్ మిషన్ తిప్పేది, కవర్లకి బంక రాసేది అంతా బాబాయే. ఉక్కు ప్లాంటు డ్రాయింగ్ ఆఫీసులో బతుకంతా మిల్లుల బొమ్మలు గీసి రిటైరయ్యేరు. భిలాయిలో తెలుగు అచ్చువేసే ప్రెస్సు దొరక్క, మైనం పూసిన స్టెన్సిల్ కాగితం మీద సూదిమొన కలంతో అక్షరం అక్షరం చెక్కేవారు. చెక్కిన ప్రతి స్టెన్సిల్‌నీ కిటికీకి అడ్డంగా పట్టుకుని చూసేవారు. మైనం తెగినచోట వెలుగు దూరేది. ఎక్కడ దూరలేదో అక్కడ మళ్ళీ చెక్కేవారు.

ఇక నేను. పక్క క్వార్టరువాణ్ణి. ఎనిమిదో క్లాసు రెండుసార్లు చదివి, రెండుసార్లూ గట్టెక్కనివాణ్ణి. ప్లేట్ మిల్లులో గ్యాస్ కట్టర్‌తో ఉక్కు రేకులు కోస్తాను. ఆయన నాకు చుట్టం కారు. ఇద్దరివీ విజయనగరం వైపు ఊళ్ళే కాబట్టి ఆయన బాబాయి, ఆవిడ పిన్ని అయిపోయేరు. సెక్టర్‌లో ఏ అల్లరి జరిగినా ముందు నా గుమ్మం వైపే చూస్తారు. చాలామటుకు సరైన గుమ్మమే.

ఒకసారి ఆయన సుపేలా బజారుకెళ్ళినప్పుడు తలుపు మీద హిందీలోనూ తెలుగులోనూ బోర్డు రాసి తగిలించేను: 'విశాఖపట్నం విమానం టిక్కెట్లు ఇక్కడ దొరుకును.' మర్నాడు పొద్దున్నే ఒక ముసలాయన కోడల్ని, ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని నిజంగానే వచ్చేసేడు. "బాబూజీ, జహాజ్ కా టికట్ యహీఁ మిల్తా హై?" గోడ వెనక నేను లుంగీ నోట్లో కుక్కుకుని నవ్వుతున్నాను. బాబాయి బోర్డు చదివేరు. గోడ వైపు ఒక చూపు చూసేరు. "రండి, కూర్చోండి. నా దగ్గరున్న విమానాలు ఇంకా బయల్దేరలేదు" అని, నీళ్ళమీద దిగే పన్నెండు ఇంజన్లది, గొడుగు విప్పినట్టు అద్దాలు విప్పి ఎండ తాగుతూ చంద్రుడి దాకా పోయే ఓడ, ఒక్కొక్కటే చూపించేరు. టీలు, బిస్కెట్లు అయ్యేయి. ముసలాయన లేస్తూ లేస్తూ ఆ ఓడ బొమ్మ మీద వేలు పెట్టి, ఇది బయల్దేరేటప్పుడు కబురు చెయ్యమని అడ్రసు ఇచ్చి మరీ వెళ్ళేడు. ఆ అడ్రసుకి ఈ పత్రిక ప్రతిసారీ వెళ్ళింది. ఆయనకి తెలుగు రాదు. బొమ్మలు చూసుకుంటాడట.

"బోర్డు తీసేమంటారా బాబాయ్?" అన్నాను.

"ఉండనీరా. రాత బాగున్నాది."

సాయంత్రాలు క్వార్టరు ముందు జామచెట్టు కింద మంచం వేసుకుని పైకి చూసేవారు. మా ఊరి మీదుగా విమానం పోవడం ఎప్పుడో గాని ఉండదు. ఆయనకి మాత్రం తెరిపి లేదు. "అదిగో, మరోదా చెరువు వైపు చూడు. ఆరింజన్లది పోతోంది."

"కాకి బాబాయ్."

"కాకి వెనకాల చూడరా."

చూస్తే ఏమీ ఉండేది కాదు. కానీ చాలాసేపు చూసేవాణ్ణి. ప్లాంటులో స్లాగ్, అదే ఇనుము కరిగించగా మిగిలిన మండే మడ్డి, పారబోసినప్పుడు మరోదా పైన ఆకాశం నారింజ రంగుకి తిరిగేది. ఆ వెలుగులో, నిజం చెప్తున్నాను, ఒకటి రెండుసార్లు నాకూ ఏదో రెక్క కనిపించినట్టే అయ్యింది. "ఎగిరినవన్నీ ఎప్పుడో ఒకప్పుడు దిగాల. వీటికి ఆ బాధ లేదు" అనేవారు బాబాయి.

ఆయన ట్రంకు పెట్టె అడుగున ఒక బొమ్మ ఉండేది. ప్లాంటు కట్టే రోజుల్లో రష్యా నుంచి వచ్చిన ఇంజనీరు ఒకాయన డ్రాయింగ్ ఆఫీసులో బాబాయి పక్క బల్ల మీద పని చేసేడట. ఇక్కడికి రాకముందు వాళ్ళ దేశంలో విమానాల ఆఫీసులో ఉండేవాడు. నాలుగేళ్ళు ఒకే విమానం మీద పని చేస్తే, దాన్ని ఆపేసి ఆయన్ని ఉక్కులోకి తోసేరు. ఒక మధ్యాహ్నం, రోలింగ్ మిల్లుది పాడైపోయిన ట్రేసింగ్ కాగితం వెనక్కి తిప్పి, ఆ విమానాన్ని ఇంకుతో గీసి బాబాయి చేతిలో పెట్టి, "ఎక్కడైనా ఉండనీ" అన్నాడట. బాబాయి ఈ పత్రిక పెట్టిందే దానికోసం. తీరా పెట్టేక దాన్నే వెయ్యలేకపోయేరు.

ఎందుకంటే ఆయనకో నియమం. ఒక విమానం పత్రికలోకి రావాలంటే ఒకరితో ఒకరికి సంబంధం లేని ఇద్దరు సాక్షులుండాల. "ఒక్కడు చెప్తే అది కథ. ఇద్దరు చెప్తేనే చరిత్ర." రెండో సాక్షి కోసం ఏళ్ళ తరబడి ఆ దేశానికి ఉత్తరాలు రాసేరు. ఆ దేశమే ముక్కలైపోయేక కవర్లు తిరిగి రావడం మొదలెట్టేయి. వాటి మీద ముద్రలు మాకు చదవడం రాదు. వాటిని కూడా దాచేరు.

ఇప్పుడు నా పాపం చెప్తాను. మీలో పాతవాళ్ళకి జమీందారు విమానం గుర్తుండే ఉంటుంది.

"అన్నీ పై దేశాలవేరా. మనోళ్ళు ఒక్కడైనా గీసి ఉండడేటి?" అని బాబాయి తరచు అనేవారు. ఆ మాట నా చెవిలో దురద పెట్టింది. మా వైపు ఒక జమీందారు తెల్లదొరల కాలంలో విమానం కట్టించబోయేడని కథ అల్లేను. కాగితాన్ని టీ నీళ్ళలో ముంచి ఎండబెట్టి దానిమీద బొమ్మ గీసేను. దివాణం గుమాస్తా మనవడి పేరుతో ఒక ఉత్తరం నేను రాసేను. ముసలి మేస్త్రి పేరుతో రెండోది మా బామ్మర్ది చేత రాయించేను. ఒకటి విశాఖపట్నంలో, ఒకటి శ్రీకాకుళంలో పోస్టు చేయించేను. ఇద్దరు సాక్షులు. నియమం ప్రకారమే.

ఆ ఉత్తరాలు వచ్చిన రోజు బాబాయి చెప్పులు మర్చిపోయి మా ఇంటికి వచ్చేసేరు. "మనోళ్ళదిరా! మనోళ్ళది!" కళ్ళు తడి. నేను అప్పుడే చెప్పేయాల్సింది. చెప్పకుండా గోడ వెనక్కి పోయి లుంగీ నోట్లో కుక్కుకున్నాను. ప్రతి విమానానికీ ముందు బరువు లెక్క కట్టి ఆ తరవాతే వేసే మనిషి, ఆనందంలో ఆ ఒక్కదానికీ లెక్క కట్టకుండా వేసేరు. మీ అందరికీ పంపేరు.

లెక్క తరవాత కట్టేరు. ఒక మధ్యాహ్నం నేను అన్నం తింటూ ఉంటే వచ్చి ఎదురుగా పీట మీద కూచున్నారు.

"ఏట్రా, రెక్కకి ఎనిమిది మిల్లీమీటర్ల ఉక్కు ప్లేటు వేసీసేవు? రెక్కలే నాలుగు టన్నులు తూగుతున్నాయి. విమానమేట్రా అది, గూడ్సు పెట్టా?"

నాకు తెలిసిన రేకు అదొక్కటే. రోజూ కోసేది అదే కదా. పొట్ట పట్టుకు నవ్వేను. ఆయన నవ్వలేదు.

"రెండో ఉత్తరం ఎవడు రాసేడు?"

"బామ్మర్ది."

"బాగా రాసేడు." నీళ్ళ చెంబు నా కంచం వైపు జరిపేరు. "ఇద్దరు సాక్షులున్న అబద్ధాన్ని వేసీసేను. ఒక్క సాక్షి ఉన్న నిజాన్ని ముప్పై ఏళ్ళు పెట్టెలో పెట్టేను. ఇంక అది బయటికి రాదురా. ఇప్పుడు వేస్తే, ఇది కూడా పక్కింటోడు గీసిందేనా అంటారు."

చేతిలో ముద్ద కంచంలోనే వదిలేసేను. నేను చాలామందిని ఏడిపించేను. ఒక మనిషి దాచుకున్నదాన్ని పనికిరాకుండా చేసింది మాత్రం ఆ ఒక్కసారే.

సవరణ చీటీ మీకందరికీ వచ్చింది: 'జమీందారు విమానం కట్టలేదు. ఎవరూ కట్టాలనీ అనుకోలేదు. పొరపాటు సంపాదకుడిది.' ఆ చీటీ స్టెన్సిల్ నా చేతే చెక్కించేరు. మూడు పాడుచేసి నాలుగోది కుదిరింది.

"నా పేరు వెయ్యలేదేటి బాబాయ్?"

"వేస్తే నీకు సరదా."

ఆ రోజు మొదలు డ్యూటీ దిగేక రోజూ వెళ్ళి మిషన్ తిప్పేవాణ్ణి. చెక్కడం నేర్పించేరు. "గీతని తొయ్యకు, దాని వెనకాల వెళ్ళు" అనేవారు. అలా రెండేళ్ళు. రష్యా ఆయన ఊసు మళ్ళీ ఎత్తలేదు. నేనూ అడగలేదు.

పోయిన నెల, మంచం మీంచి లేవడం తగ్గేక, పిన్ని చేత పెట్టె తీయించి ఆ ట్రేసింగ్ నా ఒళ్ళో పెట్టించేరు. "నువ్వు దొంగ బొమ్మ గీసినవాడివి. నీకు తెలుస్తుంది. చూసి చెప్పు, ఇది దొంగదా?"

కిటికీ దగ్గర కూచుని ఆ మధ్యాహ్నమంతా చూసేను. నేను గీసినదానికి ఒక్క దిద్దుబాటు లేదు. దొంగకి శుభ్రం ఎక్కువ. దీనికి అలా కాదు. రెక్కల దగ్గర గీత పరుగెత్తింది, పని వచ్చిన చెయ్యే అది. తోక దగ్గరకొచ్చేసరికి ఆగిపోయింది. ఇంకుని బ్లేడుతో గీకి చెరిపి మళ్ళీ గీసేడు. మళ్ళీ చెరిపేడు. అక్కడ కాగితం ఉల్లిపొర అంత పల్చబడిపోయింది, వెలుగుకి పడితే చెరిపిన గీతల జాడలు కనిపించేయి.

"నిజమైందే బాబాయ్. తోక మూడుసార్లు చెరిపేడు. చెరిపిన తోకలు ఒకటిలా ఒకటి లేవు. మూడూ మూడు రకాలు. అబద్ధం ఆడేవాడు ఇంత కష్టపడడు."

బాబాయి ట్రేసింగ్ ఇలా తెమ్మని తోక మీద వేలు పెట్టేరు. తరవాత, "తోక కుదరక వాళ్ళ ఆఫీసులో మూడుసార్లు మార్చేరట. నాలుగోది గీసిన రోజే ఆపీమని ఆర్డరు వచ్చిందట. ఈ మాట నేనెవరికీ చెప్పలేదు" అన్నారు. పిన్ని వైపు చూసేరు. పిన్ని తల ఊపింది, తనకీ చెప్పలేదని.

"రెండో సాక్షి దొరికేడు. రాయి. ఈసారి పేరు పెట్టు."

అందుకే ఈ సంచిక. బొమ్మ వెనక పేజీలో ఉంది. దాని కింద సాక్షులుగా రెండు పేర్లున్నాయి. మొదటిది గీసిన ఆయనది, రెండోది నాది. జమీందారుది నా అబద్ధం, బాబాయిది కాదు. ఇది నిజం. ఒకటి ఒప్పుకుంటే గాని రెండోది నమ్మరని మొత్తం చెప్పేను.

నిన్న సాయంత్రం బొమ్మ స్టెన్సిల్ చెక్కడం అయ్యింది. బాబాయి కుర్చీ పక్కన నిలబడి కిటికీకి అడ్డంగా పట్టుకున్నాను. అప్పుడే స్లాగ్ పోసినట్టున్నారు, మరోదా పైన ఆకాశం రంగు తిరిగింది. ఆ వెలుగు నేను కోసిన గీతల్లోంచి దూరింది. ముక్కు, రెక్కలు, ఇంజన్లు, నాలుగో తోక, ఎక్కడా తెగకుండా నారింజ రంగు గీతతో మొత్తం విమానం. నేను చెయ్యి పైకెత్తుతుంటే అది కదిలింది. జామచెట్టు దాటింది, ఎదుటి క్వార్టర్ల మీదుగా పైకి లేచింది.

పిన్ని వచ్చి పక్కన నిలబడింది. ఎప్పుడూ ఈ బొమ్మలకేసి చూడని మనిషి, కళ్ళద్దాలు పైకి తోసుకుని చూసింది.

"ఇంక దించరా. చెయ్యి పీకుతుంది."

"ఇంకాసేపు పిన్నీ" అన్నాను.