మూడో తెర మీద మాట

కృపావతి పంపిన ఒక్క వరుస మాట వల్ల తమ్ముడి ఎడమ చెయ్యి మణికట్టు దాకా పోయింది. నంద్యాల ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చున్న నాలుగు రోజులూ ఆ సంగతి ఆమె ఒక్కదానికే తెలుసు. కింద ఆటోలో గోతంలో చుట్టి పెట్టిన కొడవలి ఎవరి కోసమో కూడా ఆమెకు తెలుసు.

ఉయ్యాలవాడ దగ్గరి పల్లెలో కూలి చేసే ఏసమ్మకు ఆమె పెద్దకూతురు. టైపు నేర్చుకుని, ఇరవై రెండేళ్ల కింద నంద్యాలలో ఒక విత్తనాల కంపెనీ కాటా గదిలో చేరింది. లారీ కాటా ఎక్కితే బరువు కంప్యూటర్లో కొట్టడం పని. పెళ్లయింది. మొగుడు తాగొచ్చి ఒకసారి కొడితే ఈమె రెండుసార్లు కొట్టి, పెట్టె తీసుకుని బస్సెక్కింది. తమ్ముడు అజయ్ కుమార్‌ను చదివించి, అదే కంపెనీ ఆళ్లగడ్డ గోడౌనులో గుమాస్తాగా పెట్టించింది. ఏ లారీకి ఎప్పుడు లోడు ఎత్తాలో వరస రాసేది అతనే.

రేట్లు బయటికి పోతున్నాయని యజమాని ఫోన్లు గేటు దగ్గరి పెట్టెలో పెట్టించేవాడు. నంద్యాలకూ ఆళ్లగడ్డకూ మాటలు నడిచేది కంప్యూటర్లోనే. అవతలి మనిషి పేరు కొట్టి, ఒక వరుస రాసి మీట నొక్కితే అది వాళ్ల తెర మీద, చేస్తున్న పనికి అడ్డంగా వచ్చి పడుతుంది. "తిన్యావా?" అని అక్క అడిగితే, "తింటాండా, నువ్వు లారీ పంపు" అని తమ్ముడి జవాబు.

ఆళ్లగడ్డలో మూడు తెరలున్నాయి. మనిషికో పేరు, పాస్‌వర్డు ఇచ్చారు గానీ అక్కడి పనివాళ్లు వారానికోసారి మరిచిపోయేవాళ్లు. విసిగిపోయి కృపావతే తమ్ముడికి చెప్పింది: "పొద్దున్నే మూడూ నీ పేరు మీదే తెరువు. పని జరిగితే చాలు." అప్పటినుంచి అదే అలవాటయింది.

ఆరు లారీల వెంకటేష్ తన బండ్లు ముందు పోవాలన్నాడు. అజయ్ వరస మార్చలేదు. "మాలోని కొడుకు నాకు వరస చెప్తాడా" అని వెంకటేష్ గల్లా పట్టి చెంప మీద కొట్టాడు. అజయ్ మూటలెత్తే కొక్కెం తీసుకుని, అడ్డమొచ్చిన వెంకటేష్ తమ్ముడు హరీష్ చెవి చీరేశాడు. పదిమంది చూస్తుండగా జరిగింది. ఊరికే పోయేది కాదని అందరికీ తెలుసు.

వారం తిరక్కముందే, మధ్యాహ్నం మూడింటికి, కాటా ఎక్కిన లారీ డ్రైవరు ఓబులేసు కిటికీలోకి వంగాడు. అతను వెంకటేష్ దగ్గరే పనిచేస్తాడు.

"అక్కా, మావోళ్లు జీపులో ఆళ్లగడ్డ చేరినారు. కొడవండ్లు ఉండాయి. మీ తమ్మున్ని బేగా పొమ్మను. నేను చెప్పినట్టు యాడా అనొద్దు."

గేటు దాకా పరుగెత్తి ఫోను తీసినా లాభం లేదు. అజయ్ ఫోనూ పెట్టెలోనే ఉంటుంది. కృపావతి తమ్ముడి పేరు కొట్టి రాసింది: "వెంకటేష్ వస్తాండాడు. వెనక గేటు నుంచి పో."

జవాబు వెంటనే వచ్చింది: "పోతాండా."

ఆ తర్వాత జరిగింది గోడౌను ఊడ్చే అంకమ్మ చెప్పింది. జీపు దిగి ఐదుగురు ముందు గేటులోంచి వచ్చారు. నలుగురు గోడౌనులోకి ఉరికారు. చెవికి కట్టుతో హరీష్ ఆఫీసు అద్దం దగ్గర ఆగి, లోపలికి చూసి, "అన్నా, వెనక్కి" అని చెయ్యి ఊపాడు. వెనక గేటు గొలుసు తుప్పుపట్టి రాలేదు. అజయ్ దాన్ని గుంజుతూ ఉండగానే దొరికాడు. మొదటి వేటుకు చెయ్యి అడ్డం పెట్టాడు. చెయ్యి తోలుకు వేలాడింది. రెండో వేటు భుజం మీద, మూడోది తొడ మీద. కిందపడ్డా కొడుతూనే ఉన్నారు. అంకమ్మ విత్తనాలకు పట్టించే ఎర్రమందు బకెట్టు ఎత్తి వెంకటేష్ మొహాన కొట్టింది. అతను కళ్లు పట్టుకుని పంది మాదిరి అరిచాడు. తక్కినవాళ్లు అతన్ని ఈడ్చుకుపోయారు.

"ఆ పిల్లోడు అద్దం కాడ ఏందో చదివినాడమ్మా" అంది అంకమ్మ. ఆమెకు చదువు రాదు.

కృపావతికి అర్థమైంది. మూడో తెర అద్దంలోంచి బయటికి తిరిగి ఉంటుంది, లారీలవాళ్లు వరస చూసుకోవడానికి. అదీ అజయ్ పేరు మీదే తెరిచి ఉంది, అతని పేరుకు పంపిన మాట దాని మీదా పడింది. పొద్దున తెరిచాక దాని కీబోర్డు తీసేస్తారు. వచ్చిన మాట చెరిపే దిక్కు లేక అట్లాగే నిలిచిపోయింది.

నాలుగో రోజు అజయ్ నోరు తెరిచాడు. మేనత్త కొడుకు వినీత్ మంచానికి అవతల నిలబడి ఉన్నాడు.

"వెనకకు పోతానని వాళ్లకెట్ల తెలిసిందిరా?"

"ఇంకెవరు, వాచ్‌మన్ మద్దిలేటిగాడే" అన్నాడు వినీత్. "ఆ పొద్దు వాళ్లకు ముందు గేటు తీసింది వాడే గదా. సాయంత్రానికి వాని కాళ్లు తెచ్చి నీ మంచం కింద పెడతా."

"తల కూడా తే" అన్నాడు అజయ్.

మద్దిలేటికి అరవై ఏళ్లు. మోకాళ్ల నొప్పులు. గేటు తీయకపోతే ఆ రోజే చచ్చేవాడు. కృపావతి లేచి తలుపుకు అడ్డం నిలబడింది.

"చెప్పింది నేను."

"ఊరుకో అక్కా. ముసలోన్ని కాపాడాలని చూస్తాండావు."

"మూడో తెర యాడుందిరా అజయ్? ఎవరి పేరు మీద తెరిచినావు?"

అజయ్‌కు అద్దం దగ్గరి తెర గుర్తొచ్చింది. కట్టు కట్టిన మొండిచెయ్యి పక్కమీద కదిలింది.

"వదిలెయ్ వినీత్" అన్నాడు. "ముసలోడు కాదు."

వినీత్‌కు కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "నాలుగు దినాలుగా నూరి పెట్టుకున్నా గదప్పా. ఇప్పుడెవన్ని నరకాల?"

"నేనీడనే ఉండా" అంది కృపావతి. "కొడవలి తెచ్చుకో పో."

వినీత్ ఆమెను పక్కకు తోసి, తిట్టుకుంటూ మెట్లు దిగాడు. ఆమె కిటికీ దగ్గర నిలబడి చూసింది. ఆటో ఆళ్లగడ్డ దారి పట్టలేదు, ఊళ్లోకి తిరిగింది.

వెనక్కి వచ్చి తమ్ముడికి నీళ్లు పట్టబోయింది. అజయ్ మొహం తిప్పుకున్నాడు. కుడిచేత్తో గ్లాసు లాక్కుని, సగం గుడ్డల మీద ఒంపుకుంటూ, తనే తాగాడు.