డకోటా కోసం మిరప కల్లంలో

మా మావయ్యగారు వైమానిక దళంలో డకోటా విమానాల ఇంజన్లు బాగుచేసి రిటైరయ్యారు. ఆ మోతల్లోనే చెవులు పోయాయి. కొరిశపాడు దగ్గర అత్యవసరంగా విమానాలు దిగడానికి కట్టిన హైవే రన్‌వే మీదుగా పాత డకోటా ఒకటి ఎగురుతుందని తెలిసిన రోజు నుంచీ ఇంట్లో ఒకటే పాట: "ఒక్కసారి ఆ చప్పుడు వినాలమ్మాయ్!"

ఉదయం ఏడింటికి చీరాలలో బస్సెక్కాం. ఇంకొల్లులో దిగి, ఇడ్లీ తిని, ఆటోలో కొరిశపాడు వైపు బయల్దేరాం. సగం దారిలో ఆయన చెవి మిషన్ బ్యాటరీ అయిపోయింది. ఇంకో బ్యాటరీ ఇంట్లో, నా రెండో హ్యాండ్‌బ్యాగులో భద్రంగా ఉంది. ఆయన మిషన్ తీసి జేబులో వేసుకున్నారు. నన్ను తిడితేనే బాగుండేది.

హైవే పక్కన తిరునాళ్లంత జనం. పోలీసులు మమ్మల్ని ఆపిన చోటే ఒక మిరప కల్లం ఉంది. మీరెప్పుడైనా వెళితే గొడుగుతో పాటు రుమాలు కూడా తీసుకెళ్లండి, అక్కడ తుమ్మని మనిషి లేడు. విమానం గాలికి కాయలు ఎగిరిపోతాయని కల్లం ఆసామి సుబ్బాయమ్మగారు ఎండబోసిన మిరపకాయల మీద పట్టాలు కప్పించారు. చూడవచ్చినవాళ్లందరినీ వాటి అంచుల మీద కూర్చోబెడుతున్నారు.

"ఏమయ్యా, ఊరికే నిలబడకపోతే ఆ పట్టా మీద కూర్చోరాదూ! పెద్దాయనా, మీరీ డ్రమ్ము మీద కూర్చోండి. బరువుంటది."

అది పట్టా అంచు మీద బోర్లించిన ఖాళీ ఇనప డ్రమ్ము. ఆవిడ సైగ చూసి మావయ్యగారు దాని మీద కూర్చున్నారు.

పదింటికన్న విమానం పదకొండున్నరకీ రాలేదు. "ఒరేయ్, అదిగో రా!" అని ఎవరో అరిస్తే అందరం లేచాం. చూస్తే కొంగ. సుబ్బాయమ్మగారు తిట్టి మళ్లీ కూర్చోబెట్టారు.

చివరికి నిజంగానే వచ్చింది. రెండు ఇంజన్లు, లావుపాటి పొట్ట, తాపీ నడక. జనం ఈలలు వేస్తుంటే నాకు మాత్రం దిగులు. విమానాన్ని వదిలేసి మావయ్యగారినే చూశాను. ఆయన తల వంచుకుని, రెండు అరచేతులూ డ్రమ్ముకి ఆనించి ఉన్నారు. నేనూ చెయ్యి పెట్టాను. ఇనుము జుమ్మని అదురుతోంది.

"అదేనమ్మాయ్! రెండు ఇంజన్లూ కలిసి పలుకుతున్నాయి!" అని అరిచారు. ఇద్దరికీ కళ్లనిండా నీళ్లు. మిరప ఘాటు వల్ల కాదు.

పట్టా కింద ఒక్క కాయా కదల్లేదు. "ఇంతేనా? దీనికా ఎండంతా పోగొట్టుకుంది!" అన్నారు సుబ్బాయమ్మగారు. అయినా మాకు సంచిలో నాలుగు గుప్పిళ్ల కాయలు పోశారు.

తిరుగు బస్సులో మావయ్యగారు సీటు కడ్డీ మీంచి అరచెయ్యి తియ్యలేదు. "మీ బండికి సర్వీసింగ్ చేయించాలి బాబూ" అని కండక్టరుకి బస్సంతా వినబడేలా చెప్పారు. చీరాలలో దిగగానే నేను కొత్త బ్యాటరీ కొని మిషన్‌లో వెయ్యబోయాను.

ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపారు. "రేపు వేద్దువుగానిలే అమ్మాయ్. ఇవాళ్టికి ఆ చప్పుడే ఉండనీ."