డునెడిన్ మైదానంలో మా రహస్య భాష

న్యూజీలాండ్‌లోని డునెడిన్‌లో మాస్టర్స్ చదివిన రోజుల్లో నేను ఫుట్‌బాల్ గోల్‌కీపర్‌ని. ఆట మీద ప్రేమతో కాదు. మా ఫ్లాట్‌లో నా పక్క గదిలో ఉండే కివీ అమ్మాయి యూనివర్సిటీలో సరదాకి ఆడే ఆడపిల్లల సోషల్ టీమ్‌కి కెప్టెన్. సీజన్ మొదలవబోతుండగా వాళ్ళ కీపర్ చెయ్యి విరగ్గొట్టుకుంది. అదే సమయంలో వంటింట్లో పై అరలోంచి జారిన కందిపప్పు డబ్బాను నేల తాకకుండా నేను పట్టుకోవడం కెప్టెన్ కళ్ళబడింది. అంతే, నా పని అయిపోయింది.

"నాకు రూల్సే తెలీవు" అన్నాను.

"బంతి లోపలికి రాకూడదు. అదొక్కటే రూలు" అంది.

బంతి లోపలికి వచ్చింది. చాలాసార్లు వచ్చింది. మా మైదానం సముద్రం పక్కన. శనివారం పొద్దున్నే గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుని ఉండేది. ఆ గాలికి నా చెవులు ఉన్నాయో ఊడాయో తెలిసేది కాదు. సీగల్స్ అనే సముద్రపు పక్షులు గోల్ ముందు గుంపుగా కూర్చుని, బంతి మీదికొస్తున్నా కదిలేవి కావు. నేను కూడా వాటిలాగే ఉన్నానని కెప్టెన్ ఒకసారి అననే అంది.

ఒక మ్యాచ్‌లో అవతలి జట్టు పొడుగుపిల్ల ఒంటరిగా బంతి తీసుకుని నా మీదికి దూసుకొచ్చింది. మావాళ్ళంతా ఎక్కడో ముందున్నారు. భయంతో నాకు ఇంగ్లీషు ఎగిరిపోయింది. "వెనక్కి! వెనక్కి రండే! కుడిపక్క చూడండే బాబూ!" అని గొంతు చించుకున్నాను. మావాళ్ళకి ముక్క అర్థం కాలేదు గానీ, ఆ పొడుగుపిల్ల బిత్తరపోయి ఆగింది. ఆ సందులో వెళ్ళి బంతి మీద పడ్డాను.

సాయంత్రం కెప్టెన్ నా గది తలుపు తట్టింది. "పొద్దున ఏం అరిచావో మాకందరికీ నేర్పు."

వంటింట్లో తరగతులు మొదలయ్యాయి. కుడి, ఎడమ, వెనక్కి, వదిలెయ్. 'ఎడమ' వాళ్ళ నోట్లో 'యెడామా' అయింది. 'వదిలెయ్' మాత్రం వాళ్ళకి ఎంత నచ్చిందంటే, గిన్నెలు కడగమన్నా అదే జవాబు చెప్పేవారు. మైదానంలో మేం ఎటు వెళ్తామో ఎదుటివాళ్ళకి అంతుపట్టేది కాదు. నిజంగానే గెలవడం మొదలుపెట్టాం.

ఆఖరి మ్యాచ్‌లో కథ అడ్డం తిరిగింది. టోపీని చెవులదాకా లాక్కున్న ఒక బక్కపిల్ల అవతలి జట్టులో ఉంది. మేం బంతి ఎటు కొట్టబోతే అటు ముందే వెళ్ళి నిలబడేది. "అదృష్టం" అంది కెప్టెన్ మొదట్లో. తర్వాత అనడం మానేసింది. స్కోరు సమానంగా ఉండగా, చివర్లో కెప్టెన్ "యెడామా!" అని కేకేసింది. బక్కపిల్ల అటే ఉరికి బంతి లాక్కుని నేరుగా నా వైపు పరుగెత్తుకొచ్చింది. నేను కుడివైపు జరిగాను. అది పరిగెడుతూనే అరిచింది.

"ఎడమ పక్క ఖాళీగా ఉండాదక్కా, చూసుకో!"

తెలుగు వినబడేసరికి నేను నోరు తెరుచుకుని నిలబడిపోయాను. బంతి ఎడమ పక్క నుంచే లోపలికి వెళ్ళింది.

మ్యాచ్ అయ్యాక వెళ్ళి పట్టుకున్నాను. "ఏ ఊరు నీది?"

"నంద్యాలక్కా."

"మొదట్నుంచీ మా మాటలన్నీ అర్థమవుతున్నాయా నీకు?"

"అన్నీ అర్థమైనాయి. నవ్వు ఆపుకోలేక సచ్చినా."

"ముందే చెప్పొచ్చు కదే!"

దాని మొహం కాస్త మారింది. "మా టీమోళ్ళ ఇంగ్లీషు నాకు సగం తెలీదక్కా. సీజనంతా ఎవురేం చెప్తాండారో తెలీకుండానే ఉరుకుతా ఉన్న్యా. ఈ పొద్దే మైదానంలో అన్నీ తెలిసినాయి. చెప్పబుద్ధి కాలేదు."

కెప్టెన్‌కి ఇదంతా ఇంగ్లీషులో చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. తడిగడ్డి మీద కూలబడి కడుపు పట్టుకుని నవ్వింది. "ఈ పిల్ల తప్పు జట్టులో ఉంది" అని లేచి, దాని భుజం మీద చెయ్యేసి మా ఫ్లాట్‌కి భోజనానికి లాక్కొచ్చింది.

ఆ పిల్ల పప్పు, ఆవకాయ కలుపుకుని మూడుసార్లు వడ్డించుకుంది. మరుసటి సీజన్‌కి మా జట్టులో చేరింది. ముందు వరసలో అది ఆడుతుంటే నాకు గోల్ దగ్గర పెద్దగా పనుండేది కాదు. చలికి చేతులు రుద్దుకుంటూ, సీగల్స్‌ని అదిలిస్తూ, నిశ్చింతగా నిలబడేదాన్ని.