చెయ్యి దిగక ముందే మొదలైన సంగీతం

లిథువేనియా అనే చలిదేశం నుంచి వచ్చిన సింఫనీ వాద్యబృందాన్ని చూడటానికి కువైట్ సిటీకి వెళ్తున్నానంటే ఫర్వానియాలో మా గదివాళ్ళు నవ్వారు. సబ్హాన్ గోదాములో పెట్టెలు మోస్తూ, శుక్రవారం పూట ఒక ఫ్లాటులో దేవుని వాక్యం చెప్పుకునేవాడికి అదేం పని అన్నారు. నిజానికి నేను సంగీతం కోసం వెళ్ళలేదు. మా ప్రార్థన గుంపులో ఇరవై ఏళ్ళుగా పాట నడిపిస్తున్న సుగుణమ్మక్కకు ఒక చేదుమాట చెప్పడానికి వెళ్ళాను. అక్కది అన్నమయ్య జిల్లా. సల్వాలో ఒక ఇంట్లో పని. ఆమె చెయ్యెత్తి దించితే నలభై గొంతులు ఒక్కటిగా లేచేవి. ఇప్పుడు వినికిడి తగ్గింది, తాళం జారుతోంది. ఇక కీబోర్డు వాయించే ప్రకాశ్‌కు అప్పగిద్దామనీ, ఆ సంగతి ఆమెకు నేనే చెప్పాలనీ ఆ ఉదయమే పెద్దలు తేల్చారు. అదే పూట అక్క రెండు టికెట్లు తెచ్చింది. ఆమె పనిచేసే ఇంటి యజమానురాలు, అక్కడి పిలుపులో 'మామా', తనకు కుదరక ఇచ్చిందట. "ఇంగ్లీషు చదివి చెప్పేదానికి నువ్వు రా బ్రదర్" అంది. దారిలో చెప్పేయవచ్చని ఒప్పుకున్నాను.

సాయంత్రం ఐదున్నరకు బయలుదేరాం. బస్సయితే మనిషికి మూడు వందల ఫిల్స్‌తో పోతుంది కానీ, శుక్రవారం సాయంత్రం దాన్ని నమ్ముకోలేం. టాక్సీకి మూడు దినార్లు. డ్రైవరు మస్తాన్‌ది రాయచోటి. అక్క పట్టుచీర చూసి, "యాడికి పోతాండారు మా, పెండ్లికా?" అన్నాడు.

"పాటకచ్చేరికి నాయనా."

"ఎవురు పాడతారు?"

"ఎవురూ పాడరంట. ఒకాయన పుల్ల ఊపుతాడంట, మిగతావాళ్ళు వాయిస్తారంట."

"మాకు వీసా ఇచ్చిన కఫీల్ కూడా అంతే మా. ఆయన ఏలు ఊపుతాడు, మేం తిరుగుతాం."

అక్క చాలాసేపు నవ్వింది. ఆ నవ్వు చూసి, తెరిచిన నోరు మూసుకున్నాను. ఫరో కఠినహృదయం గురించి కిటికీలు అదిరేలా ఉరిమిన నోరు ఇది. ఒక ఆడమనిషికి నిజం చెప్పలేకపోయింది.

ఆరున్నరకల్లా హాల్లో ఉన్నాం. టికెట్టు మీద ఎనిమిది దినార్లు అని ఉంది. మా సీట్లు పైవరుసలో, వేదికకు వెనకపక్క. అక్కడ కూర్చుంటే వాద్యగాళ్ళ వీపులూ, బృందాన్ని నడిపించే కండక్టర్ ముఖమూ కనిపిస్తాయి. చేతికిచ్చిన పుస్తకంలో ఆయన జీవితం ఉంటే అక్క చెవి దగ్గర చదివాను. చిన్న ఊళ్ళో చర్చి ఆర్గన్ వాయించేవాడి కొడుకు. ముప్పై దాటగానే ఈ బృందం ఆయన చేతికొచ్చింది. సోవియట్ పాలనలో దైవసంగీతం కూడదంటే, దానికి వేరే పేరు పెట్టి వాయించాడట. దేశం స్వతంత్రమయ్యాక జీతాలు రాని చలికాలాల్లో, వెచ్చదనం లేని హాల్లో అందరూ ఓవర్‌కోట్లతోనే సాధన చేశారట. పెద్ద దేశాలు పిలిచినా ఆయన కదల్లేదు. నలభై ఏళ్ళకు పైగా ఒకే బృందం. ఇదే ఆఖరి పర్యటన.

"నలభై ఏండ్లు ఒకే మందను తోలినాడా. మోషే మాదిరి" అంది అక్క.

ఆయన కమ్మీ పట్టుకుని మెట్టెక్కాడు. సంగీతం మొదలైంది. మొదటి భాగం ముగిసి హాలంతా నిశ్శబ్దమైనప్పుడు నా నోటి నుంచి గట్టిగా "ఆమెన్" వచ్చేసింది. కింది వరుసలో ఇద్దరు తిరిగి చూశారు. అక్క మాత్రం పట్టించుకోలేదు. చెవి తగ్గినప్పటి నుంచి ఆమె కళ్ళతోనే వింటుంది. ఆమె చూపు ఆ ముసలాయన చేతి మీదే ఉంది.

విరామంలో బయట వరండాలో నిలబడ్డాం. కాఫీ దినారున్నర అంటే ఇద్దరం ఒకటే తీసుకున్నాం.

"వాళ్ళు ఆయన్ను చూడ్డం లేదు బ్రదర్" అంది అక్క. "ముందు కూచున్న వయొలిన్ ఆయమ్మ భుజాన్ని చూస్తాండారు. ఆయన చెయ్యి దిగక ముందే పాట మొదలైతాంది."

కాఫీ కప్పు ఆమె చేతికిచ్చాను.

"నేను కండ్లు మూసుకొని చెయ్యెత్తుతా. నా చెయ్యి దిగక ముందే ప్రకాశ్ వాయిస్తాండాడా?"

"అవునక్కా."

"ఎన్నాళ్ళుగా?"

"రెండేళ్ళు."

"అది చెప్పేదానికేనా ఈపొద్దు నాతో వచ్చింది?"

తల ఊపాను. ఇక పాట ప్రకాశ్‌కు అప్పగిద్దామని పెద్దలు తేల్చిన సంగతీ చెప్పాను. ఆమె నొచ్చుకోకూడదనే రెండేళ్ళు దాచామని గొణిగాను. యుద్ధంలో గెలుపు కోసం ఎత్తి ఉంచిన మోషే చేతులు బరువెక్కితే ఆరోను, హూరు చెరోపక్క పట్టుకున్న సంగతి ఎత్తుకున్నాను.

"ఆ కథ నువ్వే యాభైసార్లు చెప్పినావు" అంది. "వాళ్ళు రాయి తెచ్చి, మోషేను కూచోబెట్టి, ఆయనకు తెలిసేటట్ల పట్టుకున్నారు. మీరు నాకు తెలీకుండా పట్టుకున్నారు."

వెళ్ళిపోదామా అని అడిగాను. "అంత పెద్దాయన నిలబడినాడు, మనం కూచోలేమా" అని లోపలికి నడిచింది. చివరంటా ఆమె కన్నీరు పెట్టలేదు. పదిలోపు ఇల్లు చేరాలని మామా ఆంక్ష. పది నిమిషాల ముందే సల్వాలో గేటు దగ్గర టాక్సీ దిగి, వెనక్కి చూడకుండా వెళ్ళింది.

తర్వాతి శుక్రవారం అక్క వచ్చి ఆఖరి వరుసలో గోడకానుకుని కూర్చుంది. మొదటి పాటకు ప్రకాశ్ వేళ్ళు కీబోర్డు మీదే ఆగిపోయాయి. నలభై మందీ వెనక్కి తిరిగి ఆమె చేతి కోసం చూశారు. అక్క రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని, వాళ్ళు తమంతట తాము మొదలుపెట్టేవరకు నేల చూస్తూ ఉండిపోయింది. అబద్ధికులకు అగ్నిగుండమని ఇరవై ఏళ్ళు కేకలు పెట్టినవాణ్ణి, నా అబద్ధానికి మాత్రం ప్రేమ అని పేరు పెట్టుకున్నాను. రెండేళ్ళ ముందే చెప్పి ఉంటే, తన చేత్తోనే ఇంకొకరికి పాట నేర్పి దిగేది. ఆ గౌరవాన్ని ఆమెకు దక్కనివ్వనిది వయసు కాదు, మేము. దీనికి ప్రభువు ముందు నేను లెక్క చెప్పాలి.

అలాంటి కచేరీకి వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక సలహా: దొరికితే వేదికకు వెనకపక్క పైవరుస సీటు తీసుకోండి. అక్కడైతే నడిపించేవాడి ముఖం కనిపిస్తుంది. ఆ ముఖాన్ని చూసే ధైర్యం లేకపోతే మాత్రం ముందువైపే కూర్చోండి.